బూజుకి పస్తు

"ఏం వాసనొస్తోంది?" అన్నాడు ఇసాబురో.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న మినోరి కోజీ గింజలు దోసిట్లోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. బయట మంచు కురుస్తున్నా గది ఉక్కగా ఉంది. "ఇంకా ఉడికిన బియ్యం వాసనే మేస్త్రీ గారూ. కాల్చిన చెస్ట్‌నట్ వాసన రాలేదు" అంది.

బియ్యంతో సాకే అనే మద్యం చేసే ఆ కార్ఖానాకి ఇసాబురో పెద్ద మేస్త్రీ. ఉడికించిన బియ్యం మీద కోజీ బూజు పెంచడానికి ఆయన పెట్టింది పేరు. బియ్యం నానబెట్టడంలో మాత్రం పరమ పిసినారి. పైన తడి దొరికితే బూజు అక్కడే బద్ధకంగా పడి ఉంటుందనీ, పస్తు పెడితేనే తడి వెతుక్కుంటూ గింజ లోపలికి వేళ్లు దింపి, పిండిని తీపి చేసే ఎంజైములు పుట్టిస్తుందనీ అనేవాడు. మినోరిని కూడా పస్తు పెట్టే పెంచుతున్నాడని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు. మెచ్చుకోలు లేదు, అన్నీ ప్రశ్నలే. ఏం వాసన, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటి అని గుచ్చి గుచ్చి అడిగేవాడు. ఈసారి పోటీకి పంపే సాకే కోసం కోజీ పని ఆమెకే అప్పగించాడు. ఇది చెడితే ఈ గదిలో తనకిక చోటుండదని ఆమె బెంగ.

యజమాని తెరుహికో వచ్చి గింజ నమిలాడు. తియ్యగానే ఉంది, ఇక బయటికి తీసెయ్యమన్నాడు. ఇసాబురో కూడా నమిలి, తీపి బాగానే ఉందన్నాడు. మినోరి గింజల్ని ఇంకోసారి వాసన చూసింది.

"నువ్వేమంటావమ్మాయ్?" అని ఆమెని అడిగాడు ఇసాబురో.

"వద్దండీ. చెస్ట్‌నట్ వాసన వస్తేనే కోజీ పండినట్టు. సాయంత్రం దాకా ఆగాలి."

"మీ మాటే కాదంటోంది చూడండి మేస్త్రీ గారూ" అన్నాడు యజమాని.

"అననివ్వండి. ఆగుదాం."

సాయంత్రానికి గదంతా చెస్ట్‌నట్ వాసన నిండింది. మినోరి ఆ మాట చెప్పగానే ఇసాబురో ముఖం విప్పారింది. గింజ విరిచి చూస్తే బూజు నడిమిదాకా దిగి ఉంది. వచ్చే ఏటి నుంచి ఈ గది నీదేనని యజమాని ఎదుటే చెప్పేశాడు. మినోరికి సంతోషంతో ఏడుపొచ్చింది. పరీక్షలు పెట్టి పెట్టి ఈయన తనని ఇంతదాన్ని చేశాడనుకుంది.

ఇసాబురో ఇంటికెళ్లి భార్య కినుయోకి సంగతంతా చెప్పాడు. ఇక గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతానన్నాడు. ఆవిడ వేడి వేడి సూపు గిన్నె ముందు పెట్టి నవ్వింది.

"ఏళ్ల తరబడి వాసనే తెలియని ఆ ముక్కుని ఇకనైనా డాక్టరుకి చూపించండి."