కారే చోట గిన్నె

ఆ ఇంటిని ముంచింది గొడుగు మావయ్యే. బయటివాళ్ళెవరికీ ఇందులో చెయ్యి లేదు.

ఎండైనా వానైనా, కంపెనీ ఊరికే ఇచ్చిన నీలం గొడుగు చంకలో పెట్టుకుని తిరిగే ఇన్సూరెన్స్ ఏజెంటు ఆయన. ఆసుపత్రి వరండాలో ఆయన మేనల్లుడు వెల్డర్ ముందుగా ఆ గొడుగు లాక్కుని గోడకేసి కొట్టాడు. తర్వాత మావయ్య కాలరు పట్టుకున్నాడు.

"అమ్మ కడుపులో గడ్డ ఉందని నీకు ముందే తెలుసా?"

"కాలరు వదలరా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నీ పాలసీలు ఇంకో రెండు అమ్ముడుపోతాయి. తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

మావయ్య నేలచూపులు చూశాడు. "నా దగ్గర హెల్త్ పాలసీ కట్టిన వారానికి చెప్పింది అక్క."

అంటే దాదాపు ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ వాళ్ళమ్మ ఒళ్ళో వేణ్ణీళ్ళ సంచీ పెట్టుకుని కూర్చునేది. అడిగితే నడుం నొప్పి అనేది. నడుం వెనకుంటే సంచీ ముందెందుకని వెల్డర్‌కి ఒక్కసారీ తోచలేదు. "నీ పెంపుడు పిల్లి బాగుందమ్మా" అని వేళాకోళం చేసేవాడు. ఆవిడా నవ్వేది.

"తెలిసి నోరు మూసుకు కూర్చున్నావా? సొంత అక్క కదా నీకు!"

"సొంత అక్క కాబట్టే కూర్చున్నాను!" మావయ్య గొంతు పెంచాడు. "పాత రోగాలకి ఆరు నెలల దాకా కంపెనీ పైసా ఇవ్వదు. ఈలోగా ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా కంప్యూటర్లో ఎక్కుతుంది. ముందే ఉన్న రోగం దాచారని పాలసీనే కొట్టేస్తారు. అందుకే ఓపిక పట్టమన్నాను."

"సర్కారు కార్డుందిగా? అరవై ఐదు దాటిందని ఇచ్చారుగా?"

"అది జ్వరాలకీ కట్లకీ రా. ఇంత ఆపరేషన్‌కి అది ఏ మూలకి? సర్కారు కార్డు ఇంటికప్పు లాంటిది, కారుతుంది. కారే చోట పెట్టే గిన్నె నా పాలసీ. నీకు చెప్పొద్దని అక్కే ఒట్టు వేయించుకుంది. చెబితే వెల్డింగ్ షాపు అమ్మేస్తాడంది. ఇప్పుడేమైంది? నిన్నటితో గడువు నిండింది. ఆపరేషన్ ఖర్చంతా కంపెనీ నెత్తిన పడుతుంది."

వెల్డర్ కాలరు వదిలేశాడు.

"ఇంకెక్కడి ఆపరేషన్ మావయ్యా?"

డాక్టరు అతన్ని పక్కకు పిలిచి ఇందాకే చెప్పాడు. గడ్డ కాలేయం దాకా పాకింది. మొదట్లోనే తెచ్చుంటే కోసి తీసేసేవాళ్ళం, ఇప్పుడు కోసి లాభం లేదు, నొప్పి తెలియకుండా చూసుకోవడమే మిగిలింది, వెళ్ళి అడ్మిట్ చేయించండి అన్నాడు. వెల్డర్ ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు మావయ్యకి అప్పజెప్పాడు. మావయ్య వంగి, విరిగిన గొడుగు ఏరుకున్నాడు.

"అక్కడ మీ ఇద్దరి పంచాయితీ ఏంట్రా?" చక్రాల కుర్చీలోంచి వాళ్ళమ్మ కేకేసింది. "రండి, మన వంతొచ్చింది."

కౌంటర్ దగ్గర ఆవిడే ముందుగా చెయ్యి చాపింది. సర్కారు కార్డు ఇచ్చింది. దాని మీద ప్లాస్టిక్ కవర్లో పెట్టిన పాలసీ ఉంచింది.

"చూసుకో తల్లీ. నిన్నటితో గడువు నిండింది. ఒక్క రోజు కూడా తక్కువ లేదు. మా తమ్ముడు చేయించాడు."

కౌంటర్ అమ్మాయి డాక్టరు చీటీ చూసింది. కార్డు తీసుకుంది. పాలసీ వెనక్కి జరిపింది.

"దీనికి ఇది అక్కర్లేదు మామ్మగారూ."

"అక్కర్లేకపోవడమేంటమ్మా?" మావయ్య ముందుకొచ్చాడు. "కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. నేనే దగ్గరుండి కట్టించాను."

"ఉన్నాయి సార్. కానీ పాలసీ ఇచ్చేది, కార్డు ఇవ్వగా మిగిలిన ఖర్చు. ఈ జబ్బుకి మిగిలేదేం లేదు. పరీక్షలు, ఆపరేషన్, మందులు, అన్నీ కార్డే పెట్టుకుంటుంది."

"ఎప్పట్నుంచి?" వెల్డర్ అడిగాడు.

"కార్డు ఇచ్చిన రోజు నుంచీ సార్. గడువు పాలసీలకే. కార్డుకి గడువేం ఉండదు."

మావయ్య గోడకి జారగిలబడి అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. వెల్డర్ ఆయన్ని లేపలేదు.

ఆ అమ్మాయి కంప్యూటర్ మీద నుంచి కళ్ళు తిప్పకుండా అంది: "పాలసీ మీద మీకొచ్చేది ఒక్కటే మామ్మగారూ. వార్డు బదులు వేరే గది. కిటికీ ఉంటుంది. రాసుకోమంటారా?"

ముసలావిడ నేల మీదున్న తమ్ముణ్ణి చూసింది. మొహం పక్కకి తిప్పుకున్న కొడుకుని చూసింది. డాక్టరు ఏం చెప్పాడని ఆవిడ అప్పటిదాకా అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. పాలసీ కవరు మీద ముడతలు అరచేత్తో సరిచేసి, మళ్ళీ కౌంటర్ మీద పెట్టింది.

"రాసుకో తల్లీ," అంది. "ఆరు నెలలు పెట్టి కొన్నాను."