బ్లేడు పైకెత్తమన్న మనిషి

సాయంత్రం ఎర్లీన్ ఇంటి ముందు పచ్చికకు నీళ్ళు పెడుతుంటే, రోడ్డు అంచున ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు.

అరవై దాటిన మనిషి. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గడ్డి మీద కాలు పడకుండా కాలిబాట మీదే ఆగాడు.

"సాయంత్రం పూట నీళ్ళు పెట్టకండి మేడమ్. పొద్దున్నే పెట్టండి," అన్నాడు. ఒక్కో మాటా వెతుక్కుంటూ, పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పాడు.

ఎర్లీన్ వరండా స్తంభానికి కొట్టిన బోర్డు చూపించింది. సరుకు అమ్మేవాళ్ళు రావద్దని దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

అతను ఇంకేదో చెప్పబోయాడు. ఎర్లీన్ పైపు అటు తిప్పింది. అతని బూట్లు తడిశాయి. అతను వాటి వంక ఒకసారి చూసుకుని వెళ్ళిపోయాడు.

లూసియానాలో సముద్రం దగ్గరి ఊళ్ళకు ఎండాకాలం రాగానే దోమల వెనకే గడ్డి మందులు అమ్మేవాళ్ళు దిగుతారు. మగదిక్కు పోయిన ఇల్లు వాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. భర్త క్లోవిస్ పోయిన దగ్గర్నుంచి అలాంటివాళ్ళను ఎర్లీన్ చాలామందినే తిప్పి పంపింది.

క్లోవిస్ బతికినంతకాలం గడ్డి కోసే మిషను మీద ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. మే నెలలో దానికి కొత్త బ్లేడు కొనడానికి హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి, షాపు ముందు కార్లు ఆపేచోట పడిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. ఎండలో, కాలే తారు మీద, ఒంటరిగా పోయాడన్నదే ఆమె మనసులో ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె ఆ షాపు గడప తొక్కలేదు. మేకు కావాలన్నా పక్క ఊరికే వెళ్ళేది.

ఆయన చేతి పని అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ పచ్చిక ఒక్కటే. అది ఎండిపోతోంది.

ముందు పళ్ళెమంత గోధుమరంగు మచ్చలు లేచాయి. చూస్తుండగానే తొట్టెలంత అయ్యాయి. ఆమె మరిన్ని నీళ్ళు పోసింది. మచ్చలు ఇంకా పెరిగాయి.

పక్కింటి రోబర్టా కంచె మీద మోచేతులు ఆనించి చూసింది. "ఇది చూస్తే క్లోవిస్ ఇంకోసారి పోతాడు మిస్ ఎర్లీన్."

"నీ పెరట్లో కలుపు చూసుకో రోబర్టా. వాటికి ఆయన పేర్లు కూడా పెట్టాడు."

తర్వాతి వారం ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. ఎర్లీన్ గడ్డి కోస్తోంది. ఆ ఉక్కపోతలో వారం వారం కోయలేక బ్లేడు అడుక్కి దించేసింది. కోశాక నేల తివాచీ పరిచినట్టు కనిపించేది.

మిషను చప్పుడులో మాట వినబడదని అతను అరచెయ్యి పైకెత్తి చూపించాడు. ఆమె మిషను ఆపింది.

"బ్లేడు పైకెత్తండి మేడమ్. ఎండాకాలం పొట్టిగా కోయకూడదు."

"ఏ కంపెనీ నీది?"

"కంపెనీ కాదు మేడమ్. నేను..."

"కంపెనీ కూడా లేదా? అయితే ఇంకా తేలిక. వెళ్ళు." ఆమె మళ్ళీ మిషను నడిపింది.

మూడోసారి అతను నేరుగా వచ్చి తలుపు తట్టాడు. ఎర్లీన్ దోమతెర తలుపు వెనకే నిలబడింది.

"ఇంకొక్క మాట ఉంది మేడమ్. అది చెప్పేస్తే మళ్ళీ రాను."

"రెండు మాటలు ఊరికే చెప్పావు. మూడోదానికి మందు డబ్బా కొనాలి, అంతేగా?"

అతను మాటల కోసం వెతుక్కుంటూ ఉండగానే ఆమె తలుపు వేసేసింది. కిటికీ తెర పక్కనుంచి చూసింది. అతను కాసేపు వరండాలో నిలబడ్డాడు. తర్వాత గడ్డి తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఎర్లీన్ ఎవరికీ చెప్పకుండా నీళ్ళు పొద్దుటికి మార్చింది. తుప్పు పట్టిన మీటను సుత్తితో కొట్టి బ్లేడు పైకెత్తింది. తుఫానుల కాలం గడిచేసరికి మచ్చలు ఆగిపోయాయి. అంచుల నుంచి పచ్చటి తీగలు వాటిలోకి పాకాయి.

ఏం మందు కొట్టావని రోబర్టా అడిగితే, ఏమీ కొట్టలేదని ఆ మనిషి సంగతి చెప్పింది. ఎండాకాలంలో అలాంటి మనిషి హార్డ్‌వేర్ షాపు ముందు బెంచీ మీద కాఫీ తాగుతుంటే తను చూశానంది రోబర్టా.

ఎర్లీన్ రెండు రోజులు ఆలోచించింది. అతని దగ్గర డబ్బా ఉంటే ఒకటి కొందామనుకుంది. బూట్లు తడిపినందుకు ఒక మాట కూడా చెబుదామనుకుంది. షాపు ముందు కారు ఆపి చాలాసేపు అందులోనే కూర్చుంది. దిగాక కిందికి చూడకుండా నడిచింది.

కౌంటర్ దగ్గరుండే నెల్డా లేచి వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. నిదానంగా మాట్లాడే ఆ గడ్డి మందుల మనిషి ఏ కంపెనీవాడని ఎర్లీన్ అడిగింది.

"ఆల్టనా? అతను మందులు అమ్మడమేమిటి మిస్ ఎర్లీన్? రొయ్యల పడవ మీద కూలీ. తిండీ పడకా దాని మీదే. జన్మలో గడ్డి కోసి ఎరగడు."

ఆ పడవ ఎక్కడ ఆగుతుందని ఎర్లీన్ అడిగింది. నెల్డా తల అడ్డంగా ఊపింది. ఆగస్టులో పడవ మీదే నిద్రలో పోయాడట. పక్కన ఎవరూ లేరట. పొద్దున వలలు దించడానికి వచ్చినవాళ్ళు చూశారట.

"పోనీలే, మీకు మూడు మాటలూ చెప్పే పోయాడు కదా," అంది నెల్డా.

"రెండే చెప్పాడు. మూడోది ఏమిటి?"

"నాకెలా తెలుస్తుంది? అది మిస్ ఎర్లీన్ చెవినే పడాలన్నాడు. మేమెంత అడిగినా చెప్పలేదు."

"గడ్డి కోసి ఎరగనివాడికి అవన్నీ ఎవరు చెప్పారు నెల్డా?"

నెల్డా షాపు అద్దాల్లోంచి బయట కార్లు ఆపేచోటు వైపు చూసింది.

"ఆరోజు అక్కడ, ఆంబులెన్స్ వచ్చేదాకా, క్లోవిస్ తల ఒళ్ళో పెట్టుకుని, టోపీతో మొహానికి నీడ పట్టి, ఆయన చెప్పిన ఒక్కో మాటా మరిచిపోకుండా తిరిగి అప్పజెబుతూ కూర్చున్నది ఆల్టనే."