పడటం తెలిసిన మనిషి

"కట్! నిన్నెవరు పట్టుకోమన్నారయ్యా?" డైరెక్టర్ అరిచాడు. "కొరియన్ సీరియల్లో అయితే హీరో పట్టుకుంటాడు. మనది కామెడీ! నువ్వు ఫోను చూసుకుంటూ పక్కకి తప్పుకోవాలి, అమ్మాయి దబ్బున పడాలి. జోకే అది!"

"సారీ సార్. చేతులు వాటంతటవే వెళ్ళిపోయాయి," అన్నాడు కుర్ర హీరో.

అతని చేతుల్లో ఉన్నది హీరోయిన్ కాదు, ఆమెకు బదులు పడే డూప్. పదకొండేళ్ళుగా మేడల మీంచి, మెట్ల మీంచి పడుతూనే ఉంది. కింద పరుపు తప్ప ఆమెను పట్టుకున్నవాళ్ళు లేరు. ఒక్క క్షణం ఆలస్యంగా లేచి విగ్గు సర్దుకుంది.

"ఈసారి పట్టుకోన్లే అక్కా," నవ్వాడు హీరో.

"వద్దు బాబూ. పడటం నాకు అలవాటేగా."

మళ్ళీ టేకు. హీరో తప్పుకున్నాడు. ఆమె దబ్బున పడింది. యూనిట్ అంతా పగలబడి నవ్వింది.

ఫైట్ మాస్టర్ ఒక్కడే పరుగెత్తుకొచ్చాడు. ఆమె మణికట్టు బెణికింది.

"పడేటప్పుడు చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోమని కొత్తవాళ్ళకి నేర్పేదే నువ్వు కదమ్మా! చెయ్యెందుకు చాపావు?"

ఆమె హీరో వైపు చూసింది.

షాట్ అయిపోయినా అతను ఫోనే చూసుకుంటున్నాడు.