మొదటి పేజీలో చోటు

"మళ్ళీ ఆయనే మేడమ్. రిసెప్షన్‌లో కూర్చున్నాడు. కదలనంటున్నాడు."

కింది నుంచి రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసేసరికి మెనూ మేడమ్‌కి ఒళ్ళు మండిపోయింది.

ఊపిరి అందనివాళ్ళు ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్ల కంపెనీ అది. ఆ మిషన్ ఎలా వాడాలో చెప్పే వెబ్‌సైట్‌లో పేజీలు సర్దడం ఆమె ఉద్యోగం. ఏ పేజీ ఎక్కడుందో చూపించే పట్టిక, అంటే మెనూ, ఆమె చేతిలోదే కాబట్టి ఆఫీసులో అందరికీ ఆమె మెనూ మేడమ్. నిరుడు ఆ సైట్ చింపిరి జుట్టులా ఉంటే, చిక్కు తీసి జడ వేసింది ఆమే. నాది పైనుండాలంటే నాది పైనుండాలని మేనేజర్లు కొట్టుకుంటుంటే, మెనూలో డిపార్ట్‌మెంట్‌కో గది ఇచ్చి అందరి నోళ్ళూ మూయించింది. ఒక్క పేజీ కూడా గది బయట తిరగడానికి వీల్లేదు.

అప్పట్నుంచీ ఈయన ఫోన్లు. ఎప్పుడు చేసినా ఒకటే పాట. కాల్ సెంటర్‌లో ఆయనకు 'మొదటిపేజీ' అని పేరు పెట్టేశారు.

ఆమె విసవిసా కిందికి దిగింది.

"ఏం కావాలండీ మీకు?"

"మిషన్ ఆగిపోతే ఏం చెయ్యాలో చెప్పే పేజీ ఉంది కదమ్మా, దాన్ని మొదటి పేజీలో పెట్టండి. అంతే."

"అది సర్వీసు డిపార్ట్‌మెంట్‌ది. సర్వీసులోనే ఉంది."

"మిషన్ ఆగినవాళ్ళకి మీ డిపార్ట్‌మెంట్లు ఏం తెలుస్తాయి?"

"తెలుసుకోవాలి. అడిగినవాళ్ళందరి పేజీలూ ముందుకు తెస్తే అది వెబ్‌సైట్ కాదు, సంత."

ఆయన తన ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మిషన్ ఇప్పుడే ఆగిందనుకోండి. ఆ పేజీ తియ్యండి."

"నాకే పరీక్ష పెడుతున్నారా?"

"పెడుతున్నాను."

రిసెప్షన్ అమ్మాయి చూస్తోంది. మెనూ మేడమ్‌కి తల కొట్టేసినంత పనైంది. ఫోన్ తిరిగి ఆయన ఒళ్ళో పడేసింది.

"ఏడాది నుంచి మా ప్రాణాలు తోడేస్తున్నారు. మీకు పనీపాటా లేదేమో, మాకుంది. ఇంకోసారి కనిపిస్తే సెక్యూరిటీని పిలుస్తాను."

ఆయన లేచాడు. ఫోన్ జేబులో వేసుకున్నాడు.

"రాను లెండి. చెప్పగలిగినంత చెప్పాను. ఇంక నా వల్ల కాదు."

పైకొచ్చి కాఫీ తెచ్చుకున్నా ఆమెకు కోపం దిగలేదు. నాకే పరీక్షా అనుకుంటూ తన ఫోన్‌లో సైట్ తెరిచింది.

సర్వీసు నొక్కింది. అలారాలు నొక్కింది. ఎర్ర దీపం, పచ్చ దీపం అంటూ ఏదో వచ్చింది. వెనక్కొచ్చి మరమ్మతు నొక్కింది. మెకానిక్‌ని పిలవడానికి ఫారం వచ్చింది. మళ్ళీ వెనక్కి.

ఆఫీసు కంప్యూటర్ పెద్ద తెర మీద మెనూ మొత్తం ఒకేసారి కనిపించేది. ఫోన్‌లో ఒక్క గది తలుపు తప్ప రెండోది కనిపించడం లేదు. ఫోన్‌లో చూడాలని ఇన్నాళ్ళూ ఆమెకు తోచనే లేదు.

పేజీ దొరికేసరికి కాఫీ చల్లారిపోయింది.

కోపం ఇంకా ఉంది. కాకపోతే అదిప్పుడు తన మీదకే తిరిగింది. ఎవరినీ అడగకుండా ఆ పేజీని తెచ్చి మొదటి పేజీలో అన్నిటికంటే పైన పెట్టేసింది.

వెంటనే సర్వీసు మేనేజర్ ఫోన్.

"నన్నడక్కుండా నా పేజీ ఎలా తీస్తావ్?"

"అది మీది కాదు సార్," అని పెట్టేసింది.

తిన్నగా కాల్ సెంటర్‌కి వెళ్ళింది. అక్కడి సూపర్‌వైజర్ అందరికీ అక్కే.

"అక్కా, మొదటిపేజీ గారి నంబర్ ఇవ్వు. మార్చానని చెప్పాలి. పాపం, మిషన్ మీద బతికే మనిషిని పట్టుకుని నానా మాటలూ అన్నాను."

అక్క తల అడ్డంగా ఊపింది.

"నంబర్ తీసెయ్యమని ఇందాకే వెళ్తూ చెప్పాడు. తీసేశాను. అయినా ఆయన దగ్గర మిషనెక్కడిది? నిరుడే తిరిగిచ్చేశాడు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకడిగాడు?"

"నీకు చెప్పొద్దన్నాడు. జాలిపడి మారిస్తే రేపు ఇంకొకరొచ్చి మళ్ళీ దాచేస్తారట. తప్పని తెలిసి మార్చాలట."

"ఏం చెప్పొద్దన్నాడక్కా?"

అక్క చెవులకున్న హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ మిషన్ వాళ్ళావిడది. నీ కొత్త మెనూ పెట్టిన వారంలోనే ఆగిపోయింది. ఒక చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఫోన్‌లో ఆఖరి ఊపిరిదాకా ఆ పేజీయే వెతికాడు."