నువ్వులు కనిపెట్టే కన్ను

ప్రతి తేనెపెట్టెకూ ప్రభుత్వం మాట్లాడే కన్నొకటి బిగించిన రోజులవి. తేనెటీగల పిల్లల్ని పీల్చి చంపే విదేశీ నల్లి కనబడితే అది అరవాలి. అసలు నల్లిని తెస్తే అంటుకుంటుందని భయపడిన పెద్దసార్లు, శిక్షణ శిబిరంలో తెల్ల పళ్ళెం మీద నల్లులకు బదులు ఎర్ర నువ్వులు చల్లారు. పెంపకందార్లు నువ్వులు ఏరారు. కన్ను కూడా నువ్వులే నేర్చుకుంది. అందరికీ శాలువాలు కప్పారు.

వలిసె చేలు పూసే వేళకి అరకులో సుకిరమ్మ ఈగలు రెక్కలు వంకరపోయి నేలమీద పాకసాగాయి. ఆమె పెట్టెలోని చట్రం తీసి పళ్ళెం మీద కొట్టింది. ఎర్రటి చుక్కలు రాలి పరుగెత్తాయి. శిబిరంలో మొదటి బహుమతి తెచ్చుకున్న మనిషి కదా, అవి నల్లులని ఆమెకీ తట్టలేదు. ఒకటి ఈగ పిల్ల మీదెక్కి పీలుస్తుంటే చూశాక గానీ వెలగలేదు.

"నల్లి లేదు. సంతోషం," అంది కన్ను.

"నీ సంతోషం మండిపోనూ! ఎదురుగా పరిగెడతన్నాయి కదే!"

"కదిలేది నల్లి కాదు."

సుకిరమ్మ తిక్కరేగి వంటింట్లోంచి గుప్పెడు నువ్వులు తెచ్చి పళ్ళెంలో పోసింది. కన్ను కొండ అదిరేలా కూసింది.

కాసేపటికే శిక్షణాధికారి నీలాంబరం జీపు దిగాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆ నువ్వుల్ని పటకారుతో సీసాలోకి ఎత్తించి, వంటింటికి సీలు వేయించాడు.

"బాబూ, మీ చొక్కా మీద పాకతన్నాయి, సూడండి," అంది సుకిరమ్మ.

నీలాంబరం తన తెల్ల చొక్కా చేతిని కన్ను ముందు పెట్టాడు.

"నల్లి లేదు. సంతోషం."

"విన్నావా?" అంటూ ఆయన నిశ్చింతగా జీపెక్కి, శిక్షణ ఇవ్వడానికి పక్క ఊరి తేనెపెట్టెల దగ్గరికి వెళ్ళాడు.