గొంతు పెంచని ఇల్లు

"నేనెత్తుకోనా?" అన్నాడు భర్త గుమ్మంలోనే నిలబడి, గుసగుసగా.

"వద్దులెండి. ఇప్పుడే భుజం మార్చాను," అంది ఆమె అంతకంటే మెల్లగా.

ఆ భుజం మీద పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పొద్దున మొదలుపెట్టింది, ఎండ కిటికీ దాటి గోడెక్కినా ఆపలేదు. పోనీ ఇది ఇవాళ్టి ముచ్చటా అంటే కాదు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నుంచీ ఇదే వరస. పాలు తాగుతుంది, రెప్ప వాలుస్తుంది, అంతలోనే ఏదో పోగొట్టుకున్నదానిలా ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంటుంది.

డాక్టరమ్మ రెండుసార్లు చూసింది. చెవులు చూసింది, పొట్ట నొక్కింది, నాలుక చూసింది. బరువు పెరుగుతోంది, జ్వరం లేదు, పిల్ల నిక్షేపంలా ఉందని చెప్పింది. ఇంట్లో గోల ఏమైనా ఉందా అని అడిగింది. లేదని మొగుడూ పెళ్లాం ఒక్కసారే చెప్పారు. అది అబద్ధమేం కాదు. పిల్లను చేతికిచ్చిన పూటే, దీని ముందు గొంతు పెంచకూడదని ఇద్దరూ అనుకున్నారు. ఆ మాట తప్పలేదు. చెంచా కింద పడినా తప్పు చేసినవాళ్లలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పక్కవాటా ఆవిడ వచ్చి, పిల్ల పుట్టాక ఈ ఇల్లు ఎంత చల్లబడిందో అని మెచ్చుకుని వెళ్లింది కూడా.

చిక్కల్లా ఒక్కటే. అరవకుండా ఏం మాట్లాడుకోవాలో ఆ ఇద్దరికీ తెలియడం లేదు. తిన్నారా అంటే తిన్నాను. పడుకున్నావా అంటే లేదు. ఆపైన మాట తోచక, బస్సు కోసం ఒకే బెంచీ మీద కూర్చున్న కొత్తవాళ్లలా కూర్చుంటారు. అతను వెల్డింగ్ షాపు నుంచి ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, సబ్బు పెట్టి చేతులు కడుక్కుని, పిల్ల పక్కన చేరి "బంగారూ" అని నెమ్మదిగా పిలుస్తాడు. పిల్ల ఇంకాస్త ఏడుస్తుంది. అతని మొహం మాడిపోవడం చూసి మొదట్లో ఆమెకు జాలేసేది. ఇప్పుడు అదీ లేదు. నిద్రలేని మనిషికి జాలి కూడా మోతబరువే.

"సీసాలో పాలు చల్లారిపోయాయి," అన్నాడు.

"ఎప్పుడో చల్లారాయి."

"చెప్పి ఉంటే వేడి చేసేవాణ్ణిగా."

"చెప్పాను. మీరే వినలేదు."

"చెప్పలేదు."

అప్పటికీ ఇద్దరూ గుసగుసల్లోనే ఉన్నారు. పళ్లబిగువున గుసగుసలు. పిల్ల ఏడుపులో సరిగ్గా వినపడక, ఏమన్నావని అతను అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది. అతనికి మళ్లీ వినపడలేదు. మూడోసారి ఆమె అరిచింది.

"చెవుడా నీకు? చెప్పానన్నాను."

మీరు కాస్తా నువ్వయింది. ఇక కట్ట తెగింది. కడుపుతో ఉండి పళ్లెం విసిరిందెవరని అతను అరిచాడు. ఆ పళ్లెం ఎందుకు విసరాల్సొచ్చిందో అది చెప్పు ముందు అంది ఆమె. వేవిళ్లతో పేగులు బయటికొచ్చేలా వాంతి చేసుకుంటుంటే, తలుపవతల నిలబడి తిట్లు లంకించుకున్నది నువ్వు కాదా అని నిలదీసింది. నీ నోటికి జడిసి ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్న సంగతి మర్చిపోయావా అన్నాడు. నీ అరుపులకు కాదూ, అందామె. కడుపుతో ఉన్నన్నాళ్లూ ఒక్క పూటైనా నన్ను మనిషిలా పిలిచావా అంది. నువ్వు పిలిచావా అన్నాడు. గోడలు దద్దరిల్లుతున్నాయి. ఇన్ని రోజులూ గొంతులో అణుచుకున్నదంతా ఇద్దరికీ ఒక్కసారే ఎగదన్నుకొచ్చింది.

"రేపు పొద్దున్నే దీన్ని తీసుకుని మా అక్క దగ్గరికి పోతున్నాను. ఇక రాను."

ఆ మాట బయటపడగానే ఆమెకు ఊపిరాడింది. లోపల్లోపల దాచుకున్న ఆశ అదొక్కటే.

"పో. ఎవరొద్దన్నారు? నిన్ననడం ఎందుకు, నిన్నిలా పెంచిన మీ అమ్మను అనాలి. ఆవిడ నోరు..."

ఆమె గబుక్కున చెయ్యెత్తింది. అతను ఆగాడు.

పిల్ల ఏడవడం లేదు.

ఇద్దరికీ గుండె జారిపోయింది. ఆమె పిల్లను భుజం మీంచి ఒళ్లోకి దించుకుంది. పిల్ల నిద్రపోతోంది. పిడికిళ్లు విచ్చుకున్నాయి. ఊపిరి నిదానంగా, నిండుగా ఆడుతోంది. పుట్టాక అంత హాయిగా పడుకోవడం అదే మొదలు.

"పడుకుందా?" అన్నాడు అతను గుసగుసగా.

పిల్ల నుదురు ముడుచుకుంది.

"ఏం లేదమ్మా, ఏం లేదు బంగారూ, బజ్జో," అన్నాడు గొంతులో ఉన్న మెత్తదనమంతా పోగేసి. పిల్ల ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. మళ్లీ గుక్కపట్టింది.

ఆమె పిల్లను చూసింది, అతన్ని చూసింది. ఆ మనిషి గొంతు ఇంత మెత్తగా ఉంటుందని పక్కనున్న తనకే తెలియదు. కడుపులో అరుపులే విన్నదానికి ఎలా తెలుస్తుంది? ఇన్ని రోజులుగా దాని చెవిలో ఎవరో ఇద్దరు పరాయివాళ్లు గుసగుసలాడుతున్నారు. అక్క ఇంట్లో గొంతెత్తి మాట్లాడేవాళ్లే లేరు.

ఆమె లేచి తలుపు గడియ పెట్టింది. వచ్చి మంచం మీద కూర్చుని పిల్లను గుండెలకు హత్తుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతుండగా, ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది.

"ఎక్కడ ఆపావు? మా అమ్మ దగ్గరేగా. అక్కణ్ణుంచి అందుకో."