పదిహేనో గడి

"మనిషి జాడ లేకుంట కప్పు ఎవరి చేతికిస్తరు ఆంటీ?" అన్నాడు ఖాదర్, కంప్యూటరు తెర ఆమెవైపు తిప్పుతూ.

జాక్లిన్ క్లబ్బు గదిలో నారింజలు కోస్తోంది, ఆట విరామంలో కుర్రాళ్ళకు పంచడానికి. కత్తి ఆపకుండానే తెర వైపు చూసింది.

ఆస్ట్రేలియాలో పెర్త్ దక్షిణ శివార్లలో జరిగే పెద్దవాళ్ళ నాలుగో శ్రేణి రగ్బీ పోటీలకు ఆ ఏడు నలభై ఏళ్ళు. పోటీల చరిత్ర పుస్తకం సోమవారం అచ్చుకు వెళ్ళాలి. వారమంతా ఆఫీసు కంప్యూటర్లలో, రానున్న రెండువేల సంవత్సరం కోసం, వైటూకే తేదీలు సరిచేసే ఖాదర్, మూడు నెలలుగా శనాదివారాలు కూర్చుని, పోటీలు నడిపే సంఘం ఇచ్చిన అట్టపెట్టెల్లోని, ఒక్కో ఆటకు ఆటగాళ్ళ పేర్లు రాసిన జట్టు కాగితాలన్నీ కంప్యూటరుకు ఎక్కించాడు. అందరికన్నా ఎక్కువ ఆటలు ఆడినవాడికి కప్పు ఇస్తారు. ఆ పేరు ఇప్పుడు తెర మీద ఉంది. నోవా పీటర్స్, నూట ఇరవై రెండు ఆటలు.

"డెబ్భై తొమ్మిదిల మొదలువెట్టిండు, ఇయ్యాల్టి దాంక ఆడుతనే ఉన్నడు. ఒక్క పాయింట్ కొట్టలే. ఒక్క దెబ్బ తగల్లే. రెఫరీ ఒక్కసారన్న తిట్టలే. గిసుంటి మనిషి రగ్బీల ఉంటడా? పీటర్స్ అంటే మీ ఇంటిపేరే గద ఆంటీ?"

"నా కొడుకయ్యా," అంది జాక్లిన్. ముప్పై ఏళ్ళు పెర్త్‌లో ఉన్నా ఆమెది ఇంకా బెజవాడ రైల్వే కాలనీ తెలుగే. "ఆ ఏడు ఏప్రిల్లో వాడికి జెర్సీ ఇచ్చారు. మొదటి ఆటకి నాలుగు రోజుల ముందు లెవెల్ క్రాసింగ్ దగ్గర పోయాడు. పంతొమ్మిదేళ్ళు. సమాధి దగ్గరికి అన్ని క్లబ్బులవాళ్ళూ వచ్చారు."

ఖాదర్ మౌస్ మీంచి చెయ్యి తీశాడు.

"మే నెలలో ఓ ఆటకి మనిషి తక్కువయ్యాడు. సెక్రటరీని నేనే కదా. కాగితంలో పదిహేనో గడి ఖాళీగా ఉంది. రాసేశాను."

"ఎందుకు ఆంటీ?"

"పదిహేను పేర్లు లేకపోతే ఆడకుండానే ఓడినట్టు. అలా మూడుసార్లయితే క్లబ్బునే తీసేస్తారు. వాడు జెర్సీ తెచ్చుకున్న క్లబ్బు. అప్పట్నుంచీ ఎప్పుడు మనిషి తక్కువైనా వాడి పేరే."

"గ్రౌండ్ల పద్నాలుగు మందే గద. రెఫరీ లెక్కవెట్టడా?"

"నాలుగో శ్రేణి రెఫరీలు లెక్కపెట్టడమా! జట్లు దిగే టైముకి సరిగ్గా కళ్ళద్దాలు తుడుచుకుంటా ఉంటారు."

"పద్నాలుగు మందితోని గెలిచిన్రా ఎన్నడన్న?"

"ఎందుకు గెలవలేదు? మా అదృష్టమో ఏమో, అలాంటి రోజున అవతలి జట్టులోనూ ఒకడికి కాలు నొప్పి. వచ్చి నా పక్కన కూర్చునేవాడు. నోవా వాటా నారింజ వాడికే పెట్టేదాన్ని. ఇంతింత ఒళ్ళు వేసుకుని, ఈ ఆస్ట్రేలియా వాళ్ళకి అన్ని కాలినొప్పులేంటో!"

ఖాదర్ నవ్వబోయి ఆగిపోయాడు. దొంగపేరు రాసిన క్లబ్బును పోటీల నుంచీ చరిత్ర నుంచీ కూడా తీసేయాలని సంఘం నియమం. దాన్ని నిన్ననే అతను పుస్తకం చివర టైపు చేశాడు.

"ఎవ్వరికీ తెల్వదాంటీ. డిలీట్ కొడితే అయిపాయె. నేనైతే నోరిప్ప."

జాక్లిన్ కత్తి పక్కన పెట్టింది.

"వద్దు. వాడి పేరు ఎక్కడో ఒకచోట ఉండాలనే రాశాను. ఇప్పుడు నీ చేత చెరిపిస్తానా? ఉన్నది ఉన్నట్టు వెయ్యి. సంఘం ప్రెసిడెంటు ఆట చూడ్డానికి వస్తున్నాడుగా, నేనే చెప్తాను. క్లబ్బుని తీసేస్తే తీసేస్తారు." చేతులు తుడుచుకుంది. "కానీ నూట ఇరవై రెండు కాదయ్యా. అరవై ఒకటి."

"కంప్యూటర్ లెక్క తప్పదు ఆంటీ."

"ఎక్కించిన నువ్వు తప్పి ఉంటావు. ప్రతి తేదీ నాకు గుర్తే. మే పన్నెండు, జూన్ రెండు, జూన్ ఇరవై మూడు... నేను చేసిన తప్పు చేసినంతే రాయి బాబూ. రెట్టింపు చెయ్యకు."

సరిగ్గా రెట్టింపు. ఖాదర్ చెవులు వేడెక్కాయి. ఒక్కో కాగితాన్ని రెండేసిసార్లు ఎక్కించి ఉంటాడు. వారమంతా ఊరి తప్పులు దిద్దేవాడు తన పనిలో ఇంత తప్పు చేశాడన్నమాట.

డెబ్భై తొమ్మిదో సంవత్సరం పెట్టె కిందికి దించాడు. ఏ క్లబ్బు కాగితం ఆ క్లబ్బే నేరుగా సంఘానికి పంపేది. ఒక ఆటకు సంబంధించిన రెండు కాగితాలనూ అక్కడ కలిపి పిన్ను కొట్టేవారు. మే పన్నెండు తీశాడు. పైన జాక్లిన్ గుండ్రటి చేతిరాత, పదిహేనో గడిలో కొడుకు పేరు. కాగితం తిప్పాడు. జూన్ రెండు తీసి తిప్పాడు. జూన్ ఇరవై మూడు తీశాడు. తర్వాత ఎనభైల పెట్టె దించాడు. అందులోనూ అంతే.

బయట ఆటగాళ్ళు ఒళ్ళు వేడెక్కించుకుంటూ అరుస్తున్నారు.

"దొరికిందా నీ మిస్టేక్?" అంది జాక్లిన్, కోసిన ముక్కలు పళ్ళెంలో పేరుస్తూ.

"నాది గాదు ఆంటీ. మీరు ఎప్పుడన్న అవతలోళ్ళ కాగితం చూసిన్రా?"

"అది నాకెందుకు చూపిస్తారు?"

ఖాదర్ పిన్ను జాగ్రత్తగా ఊడదీసి, వెనక కాగితాన్ని ఆమె ముందుకు జరిపాడు. అవతలి జట్టు కెప్టెన్ చేతిరాతతో పద్నాలుగు పేర్లు, పదిహేనో గడిలో నోవా పీటర్స్.